ఇరవై ఎనిమిదో రోజు క్యూబు

కాంక్రీటు క్యూబు పగలాల్సింది మధ్యాహ్నం మూడింటికి. గడియారం రెండూ పదికే ల్యాబు గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

గడియారం అన్నది పెట్టిన పేరు కాదు, అంటుకున్న పేరు. పోలీసు ఉద్యోగం చేసిన ఇరవై రెండేళ్ళూ, అది వదిలేసి సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్న ఆరేళ్ళూ, ఎదురైన ప్రతివాణ్ణీ ఆయన అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఎన్నింటికి?" ఎందుకు, ఎలా, ఎవరు అన్నవన్నీ ఆ తర్వాతే. అబద్ధమాడే మనిషి ఎందుకో చెప్పేటప్పుడు తడబడడు, ఎన్నింటికో చెప్పేటప్పుడు తడబడతాడని ఆయన నమ్మకం. ఆ నమ్మకం ఆయనకి అన్నం పెట్టింది, శత్రువుల్నీ సంపాదించి పెట్టింది.

ఆయన వెనకాల ఒక నడివయసావిడ చేతిసంచీ గుండెకి హత్తుకుని నిలబడింది. ఈ ల్యాబుకి పెద్దగా పనిచేసిన మాస్టారికి ఆవిడ అక్క. తల్లి పోయాక వాణ్ణి ఎత్తుకుని పెంచింది ఆవిడే. పోయిన నెల నాలుగో తారీఖు సాయంత్రం ఐదుంబావుకి తమ్ముడు ఫోన్ చేశాడు. "ఈ రాత్రికి రానక్కా, పనుంది" అన్నాడు. ఆ మాట తర్వాత మరో మాట లేదు. ఇవాళ ఒకటో తారీఖు. మనిషి అయిపూ అజా లేదు.

కంపెనీ మాత్రం తన మాట తను చెప్పింది. ఇరవై దేశాల్లో సిమెంటూ కాంక్రీటూ అమ్మే కంపెనీ అది, మాట చెప్పడానికి వాళ్ళకో విభాగమే ఉంది. వంతెన స్తంభాల పరీక్షల్లో మాస్టారు దొంగ ఫలితాలు రాశాడట. బండారం బయటపడుతుందని నాలుగో తారీఖు సాయంత్రం ఐదూ నలభైకి గేటు దాటి పారిపోయాడట. ఆ రిపోర్టు ఇవాళ పోలీసులకి అందుతుంది. అందిన క్షణం నుంచీ అక్క ఇచ్చిన ఫిర్యాదు చిత్తుకాగితం. ఆపదలో ఉన్న మనిషిగా ఇక మాస్టారిని ఎవరూ వెతకరు.

"అన్నయ్యగారూ, వాడు అబద్ధం రాయడు. చిన్నప్పుడు పరీక్షలో కాపీ కొట్టిన పిల్లాణ్ణి చూసి వీడికి జ్వరం వచ్చింది" అంది ఆవిడ.

"నమ్ముతాను తల్లీ. కానీ నేను నమ్మితే చాలదు" అన్నాడు గడియారం.

గేటు దగ్గర ఇద్దరి ఫోన్లూ తీసుకుని అరలో పెట్టారు. ల్యాబులోకి బయటివాళ్ళ ఫోను రాకూడదని రూలు. అసలు బయటి మనిషే రాకూడదని సెక్యూరిటీవాళ్ళు అడ్డం పడ్డారు గానీ, గడియారం జేబులోంచి కాగితం తీశాడు. వంతెన కట్టేవాళ్ళ ఇంజనీరు సంతకం ఉంది దాని మీద. పదిహేడో స్తంభం తాలూకు ఇరవై ఎనిమిదో రోజు పరీక్షకి ఈయనే మా సాక్షి, అని. సాక్షి కళ్ళముందు క్యూబు పగలకపోతే ఆ స్తంభం మీద దూలం ఎక్కదు. రూలుకి రూలే విరుగుడు.

లోపలికి అడుగుపెట్టగానే ఆయన ఒంటిమీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. చచ్చినవాళ్ళ గదులు ఎన్నో చూశాడు. అక్కడ ఖాళీ ఉంటుంది. ఇక్కడ ఖాళీ లేదు, ఎవరో ఇప్పుడే లేచి పక్కకి వెళ్ళినట్టుంది. గోడమేకుకి తువ్వాలు వేలాడుతోంది, సిమెంటు ధూళి పట్టి అట్టలా బిగుసుకుపోయింది. బల్ల ముందు కుర్చీ కాస్త వెనక్కి జరిగి ఉంది. ఇరవై ఏడు రోజులుగా అందులో ఎవరూ కూర్చోలేదట, లారీ డ్రైవర్లు లోపలికి రావడానికి జంకి కాగితాలు తలుపు కిందనుంచి తోసి పోతున్నారట. గది చివర నడుమెత్తు నీళ్ళతొట్టి. బయట ప్లాంటు తిరుగుతున్నంతసేపూ నేల సన్నగా అదురుతుంటే ఆ నీళ్ళు వణుకుతున్నాయి. అడుగున వరసగా పేర్చిన బూడిదరంగు క్యూబుల మీద నల్లటి అక్షరాలు కదులుతున్నట్టే ఉన్నాయి.

అక్క తొట్టి మీదికి వంగింది.

"వాడి రాతే. ఏడంకె నడుముకి గీత చూడండి. పలక మీద చెయ్యి పట్టుకుని నేనే దిద్దించాను."

గడియారం చూశాడు. స్తంభం పదిహేడు, నాలుగో తారీఖు, ఇరవై ఎనిమిది రోజులు. మూడు క్యూబుల మీదా అదే రాత.

"ముట్టుకోకండి గురువుగారూ. అది కంపెనీ ఆస్తి."

గుమ్మంలో విజిలెన్స్ ఆఫీసరు నిలబడి ఉన్నాడు. హెడ్డాఫీసు నుంచి వచ్చిన మనిషి, మాస్టారి మీద రిపోర్టు రాసింది ఈయనే. ఒకప్పుడు గడియారం దగ్గరే ఎస్సైగా పనిచేసి, ఆయన కింద నేర్చుకున్నదంతా ఆయన మీదే వాడి, కంపెనీ ఉద్యోగానికి ఎగిరిపోయాడు. గురువుగారూ అన్న మాటని అతను పలికితే పంటికింద రాయి పడ్డట్టుంటుంది.

"ఆస్తి నీళ్ళలో ఉంది, నేను ఒడ్డున ఉన్నాను" అన్నాడు గడియారం. "నువ్వెప్పుడొచ్చావు ఈ ప్లాంటుకి?"

"తొమ్మిదో తారీఖున."

"ఎన్నింటికి?"

"ఇంకా పోలేదన్నమాట ఆ జబ్బు. పదకొండూ ఇరవైకి. గేటు పుస్తకంలో ఉంది, చూసుకోండి."

"అంతకుముందు ఎప్పుడూ రాలేదా?"

"ఈ ఊరి మొహమే చూళ్ళేదు. చూడండి, మీరు ముసలితనంలో నాలుగు రాళ్ళకోసం తిరుగుతున్నారు, కాదనను. కానీ పాపం ఆవిడకి ఆశ పెట్టకండి. ఐదూ నలభైకి కార్డు గీకి గేటు దాటాడు మనిషి. కాలు బయటపెట్టినవాణ్ణి లోపల వెతకడమేంటి? కొండను తవ్వి ఎలుకను కూడా పట్టలేరు."

"కొండ నాది కాదుగా, తవ్వితే నష్టమేంటి?" అని గడియారం గది మూలకి తిరిగాడు. "బాబాయ్, ఇలా రా."

మూల పీట మీద ఒక ముసలాయన ఇనప అచ్చుల లోపల గుడ్డతో నూనె రాస్తున్నాడు. కాంక్రీటు అంటుకోకుండా అచ్చులకి నూనె రాయడం ఆయన పని, అందుకని ఊరందరికీ నూనె బాబాయి. పిలిచేసరికి ఉలిక్కిపడి, నూనె చేతులు చొక్కాకే తుడుచుకుంటూ వచ్చాడు.

"క్యూబు ఎలా చేస్తారో నాకు తెలీదు. చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పు."

చేసే పని గురించి అడిగితే భయం కాస్త సర్దుకుంది ముసలాయనకి. "ఏముంది బాబూ. స్తంభానికి పోసే కాంక్రీటే ఆరు అచ్చుల్లో పోస్తాం. మర్నాడు అచ్చు విప్పి, క్యూబు మీద రంగుతో గుర్తు రాసి, తొట్టిలో వేస్తాం. ఏడో రోజు మూడు పగలగొట్టి చూస్తాం, ఇరవై ఎనిమిదో రోజు మూడు. ఎంత బరువుకి పగిలితే అంత గట్టిదన్నమాట."

"ఈ మూడూ ఎన్నింటికి పోశారు?"

"నాలుగో తారీఖు సాయంత్రం నాలుగున్నరకి. మాస్టారే పోశారు. నేను పక్కనే వేరే అచ్చులకి నూనె రాస్తున్నా."

"అదే రోజు అచ్చు విప్పెయ్యొచ్చుగా?"

"అయ్యో! తడి ఇసక గూడులా కూలిపోదూ? మర్నాడు పొద్దుటిదాకా ముట్టుకోకూడదు."

గడియారం చొక్కా చెయ్యి పైకి మడిచి, నీళ్ళలోకి చెయ్యి పెట్టి ఒక క్యూబు బయటికి తీశాడు. చల్లగా ఉంది, మోయలేనంత బరువు కాదు గానీ చెయ్యి లాగింది. పైముఖం కాస్త గరుకు, అది తాపీతో సాపు చేసిన వైపు. పక్కముఖాలు అద్దంలా నున్నగా ఉన్నాయి, ఇనప పలకకి ఆనుకుని గట్టిపడ్డ వైపులు. రాత నున్నటి పక్కముఖం మీద ఉంది.

"బాబాయ్, అచ్చు విప్పకుండా ఈ వైపు రాయొచ్చా?"

"ఎలా రాస్తారు బాబూ, ఇనప పలక అడ్డం..." ముసలాయన మాట మధ్యలో ఆగిపోయింది. అడిగింది ఏమిటో, తను చెప్పింది ఏమిటో అప్పుడు అర్థమైంది.

అక్కకి ఇంకాస్త ముందే అర్థమైంది. "అంటే ఐదో తారీఖు పొద్దున వాడు ఇక్కడే ఉన్నాడు" అంది.

గడియారం క్యూబుని బల్ల మీద పెట్టాడు. "నాలుగో తారీఖు సాయంత్రం గేటు దాటి పారిపోయిన మనిషి, ఐదో తారీఖు పొద్దున వచ్చి అచ్చులు విప్పి గుర్తులు రాశాడు. మళ్ళీ లోపలికి వచ్చినట్టు గేటు పుస్తకంలో లేదు. ఏమంటావు ఆఫీసరూ?"

విజిలెన్స్ ఆఫీసరు రెప్పవెయ్యలేదు. "రాత ఎవరైనా దించొచ్చు. నాలుగేళ్ళు పక్కన కూర్చున్న ఈ ముసలాయన దించలేడా?"

అంతే, ముసలాయన కూలబడ్డాడు. "నాకు అక్షరం ముక్క రాదు బాబూ! వేలిముద్ర మనిషిని!"

గడియారం ముసలాయన పక్కన నేల మీదే కూర్చున్నాడు. నిలబడి అడిగితే పోలీసు ప్రశ్న అవుతుంది, కూర్చుని అడిగితే ఇంట్లోవాడి ప్రశ్న అవుతుంది. ఈ కిటుకు ఆఫీసరుకి ఎంత నేర్పినా అబ్బలేదు.

"ఐదూ నలభైకి కార్డు గీకింది ఎవరు బాబాయ్?"

ముసలాయన కళ్ళలో నీళ్ళు వచ్చాయి.

"నేనే. మాస్టారే ఇచ్చారు. 'నీ కార్డుతో పాటు నాదీ గీకెయ్ బాబాయ్, నేను ఈ రాత్రి ఇక్కడే ఉంటా, ఎవరికీ చెప్పకు' అన్నారు. ఎందుకని అడగలేదు. నన్ను ఏనాడూ పేరుపెట్టి కసరని మనిషి, ఆయన అడిగితే ఎందుకని ఎలా అడుగుతాను? పొద్దున తొమ్మిదింటికి వచ్చేసరికి అచ్చులు విప్పి ఉన్నాయి, క్యూబులు తొట్టిలో ఉన్నాయి, మాస్టారు లేరు. నిన్ననే పారిపోయాడని మేనేజరు అంటే నోరు విప్పలేకపోయా. విప్పితే కార్డు సంగతి రాదూ? ఆ రోజు నుంచీ ఈ గదిలో ఆయన దగ్గు వినపడుతుంది బాబూ. మధ్యాహ్నాలే వినపడుతుంది. అచ్చు తట్టిన చప్పుడు కూడా. నేను చంపేశాను ఆయన్ని. నా నోరే చంపేసింది."

బయట ప్లాంటు ఏ లారీ నిండినందుకో ఒక్క క్షణం ఆగింది, తొట్టిలో నీళ్ళు నిశ్చలమయ్యాయి. గడియారానికి దయ్యాల మీద నమ్మకం లేదు. అయినా ఆ నిశ్శబ్దంలో దగ్గు కోసం చెవి రిక్కించాడు. అలా రిక్కించినందుకు తన మీద తనకే సిగ్గేసింది, భయం కూడా వేసింది. అక్క మాత్రం వెళ్ళి ముసలాయన భుజం మీద చెయ్యి వేసింది. తిట్టాల్సిన మనిషిని ఎందుకు ఓదార్చిందో ఆవిడకే తెలియాలి.

"సరే, కథలు అయ్యాయా?" అన్నాడు ఆఫీసరు. "దొంగతనంగా కార్డు గీకించాడంటేనే తెలుస్తోందిగా, ఏదో చెయ్యడానికే రాత్రి ఉండిపోయాడు. తెల్లారి గోడ దూకి పోయుంటాడు. నా రిపోర్టులో ఒక తారీఖు మారుతుంది, అంతే."

"మారుతుంది. ముందు క్యూబు పగలనీ. మూడయింది."

అచ్చులు విప్పడం లాగే క్యూబులు పగలగొట్టడం కూడా నూనె బాబాయికి చేతికి వచ్చిన పనే. అంకెలు మాత్రం మిషను ముల్లు చూసి గట్టిగా చదివేది సాక్షి. ముందు తూకం. మొదటి క్యూబు ఎనిమిది కిలోల రెండొందలు. రెండోది ఎనిమిది కిలోల నూటతొంభై. మూడోదాన్ని తక్కెడ మీద పెట్టి ముసలాయన నొసలు చిట్లించాడు. తీసి మళ్ళీ పెట్టాడు.

"ఏడు కిలోల తొమ్మిదొందలే ఉంది బాబూ. పావుకిలోకి పైగా తక్కువ."

"లోపల గాలి ఉండిపోయి ఉంటుంది. సరిగ్గా కుదించి ఉండడు మీ మాస్టారు" అన్నాడు ఆఫీసరు.

"మాస్టారా? కుదించకుండానా?" ముసలాయనకి భయం స్థానంలో మొదటిసారి కోపం వచ్చింది. "ఆయన పోసిన క్యూబులో గాలికి చోటుండదు."

మొదటి క్యూబు వెయ్యీ నలభై కిలోన్యూటన్ల బరువు దగ్గర పటక్కుమని పగిలింది. రెండోది వెయ్యీ యాభై ఐదు. తొమ్మిదొందలు దాటితే చాలట, రెండూ దివ్యంగా నెగ్గాయి. ఆఫీసరు మొహంలో చిన్న నవ్వు కూడా కనిపించింది. గడియారం ఆ నవ్వుని చూశాడు. మాస్టారు దొంగ ఫలితాలు రాశాడని రిపోర్టు రాసిన మనిషి, మాస్టారి క్యూబులు నెగ్గితే ఎందుకు సంతోషిస్తాడు?

మూడోది ఐదువందల ఎనభై దగ్గరే చిట్లిపోయింది. చప్పుడు కూడా వేరుగా వచ్చింది. ముసలాయన ముక్కలు చేత్తో విడదీశాడు. నడిమధ్యలో, గింజలో పప్పులా, సబ్బుబిళ్ళంత తెల్లటి ప్లాస్టిక్ డబ్బా ఉంది. మూత చుట్టూ టేపు మీద టేపు చుట్టి ఉంది.

ఆఫీసరు చెయ్యి ముందుకు వచ్చింది. గడియారం చెయ్యి అంతకన్నా ముందే వెళ్ళింది.

"సాక్షిని నేను" అన్నాడు.

ఒక్కసారిగా ఆయనకి అంతా అర్థమైంది. మాస్టారు ఆ రాత్రి ఎందుకు ఉండిపోయాడు? పొద్దున అచ్చు తనే విప్పడానికి. ఎవరి చేతిలోనైనా పడితే ఈ క్యూబు మీద ఏడు అని రాసి ఏడో రోజే పగలగొట్టేవారు, అప్పుడు చూసేది కంపెనీవాళ్ళు మాత్రమే. ఇరవై ఎనిమిది అని తన చేత్తో రాస్తే, అది అప్పటిదాకా అందరి కళ్ళముందే నీళ్ళలో ఉంటుంది. ఎవరూ ముట్టరు. ఇరవై ఎనిమిదో రోజు బయటి సాక్షి ముందు పగిలి తీరుతుంది. ఉత్తరాన్ని ఇంతకన్నా భద్రంగా పోస్టు చేసినవాణ్ణి ఆయన చూడలేదు.

డబ్బాలో గోరంత మెమరీ కార్డు, నాలుగు మడతల కాగితం ఉన్నాయి. కాగితం మీద ఉన్నదీ అదే రాత. అక్క చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకుంది. "మీరే చదవండి అన్నయ్యగారూ" అంది. గడియారం పైకే చదివాడు. తర్వాత చాలా రోజులు ఆయన తనని తాను తిట్టుకున్నది అందుకే.

"ఈ క్యూబు పగలగొట్టినవారికి. ఈ ఆరు క్యూబులూ మంచి కాంక్రీటువే. స్తంభంలో పోసింది మాత్రం ఇది కాదు. పరీక్షకి ఒకటి, స్తంభానికి ఒకటి, పదకొండు స్తంభాలకి ఇదే జరిగింది. అసలు ఫలితాలు ఈ మెమరీ కార్డులో ఉన్నాయి. ఇవాళ మధ్యాహ్నం హెడ్డాఫీసు విజిలెన్స్ ఆయనకి ఫోన్ చేసి చెప్పాను. రేపు పొద్దున ఎనిమిదింటికి తనే వచ్చి తీసుకెళ్తానన్నాడు. అప్పటిదాకా ఇంటికి వెళ్ళొద్దు, మేనేజరుకి అనుమానం రాకుండా గేటు దగ్గర నీ కార్డు ఎవరిచేతైనా గీకించు అన్నాడు. మాట మర్యాదగానే ఉంది. అయినా అన్ని ఫలితాలూ ఆయన చేతిలో పెట్టడానికి మనసొప్పలేదు. ఆయన మంచివాడైతే ఈ కాగితంతో పనే లేదు. కాకపోతే, ఇవి ఎక్కడ దాచానో ఎవరు ఎంత అడిగినా, ఏం చేసినా, ఈ క్యూబు పగిలే రోజుదాకా నేను నోరు విప్పను. అక్కకి చెప్పండి, నేను దొంగరాత రాయలేదని."

అక్క ఏడుస్తోంది. ఏడుస్తూనే తల ఊపుతోంది, నాకు తెలుసు, నాకు తెలుసు అన్నట్టు.

"ఈ ఊరి మొహమే చూళ్ళేదన్నావు" అంటూ గడియారం తలెత్తాడు.

ఆఫీసరు గదిలో లేడు. తలుపు మూసి ఉంది. బయటినుంచి గడియ పడిన చప్పుడు వినిపించింది.

గోడలో పైన గాలి కోసం పెట్టిన కిటికీ ఒకటుంది. దాని అవతల నుంచి అతని గొంతు వచ్చింది. ఫోనులో మాట్లాడుతున్నాడు, తొందరేమీ లేదు ఆ గొంతులో.

"దొరికింది. ఇన్నాళ్ళూ తొట్టిలోనే ఉంది... అవును, మన ముందే. ఇక మాస్టారిని అడగాల్సింది ఏమీ లేదు. ఉంచాల్సిన అవసరమూ లేదు. కానివ్వండి."

గడియారం నెత్తిన పిడుగు పడ్డట్టయింది. ఇరవై ఏడు రోజులు ఆ మనిషిని బతికించింది అతను చెప్పని ఆ ఒక్క మాట. దాన్ని ఇప్పుడు తను డబ్బా మూత తీసి, పైకి చదివి, వాళ్ళ చేతిలో పెట్టాడు.

అక్క ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆవిడ కళ్ళలో ఇరవై ఏడు రోజుల్లో లేని వెలుగు వచ్చింది.

"విన్నారా అన్నయ్యగారూ? మాస్టారిని అడగడం అన్నాడు. అంటే బతికే ఉన్నాడు! మా వాడు బతికే ఉన్నాడు!"

గడియారం ఆవిడ మొహంలోకి చూడలేకపోయాడు. చెయ్యి విడిపించుకుని, అచ్చులు తట్టే ఇనప సుత్తి అందుకుని, తలుపు మీద శక్తికొద్దీ బాదడం మొదలుపెట్టాడు.